ఏ ఎండకా గొడుగు పట్టే ఎంజైమ్

ఫుల్ బాడీ చెకప్ చేయించుకుంటే వాట్సాప్‌లో ఓ పీడీఎఫ్ వస్తుంది కదా. అందులో నాలుగో పేజీలోనో ఐదో పేజీలోనో ‘ఫెరిటిన్’ అని ఒక లైన్ ఉంటుంది. షుగర్, కొలెస్ట్రాల్, థైరాయిడ్ చూసుకున్నాక అక్కడిదాకా వెళ్లేవాళ్లు తక్కువ. హిమోగ్లోబిన్ తగ్గిందని డాక్టర్ చెప్పాకే మళ్లీ స్క్రోల్ చేసి వెతుక్కుంటాం.

ఫెరిటిన్ అంటే మన కణాలు ఇనుమును దాచుకునే గోదాం. 24 ప్రొటీన్ ముక్కలు కలిసి బోలు బంతిలా తయారవుతాయి. ఆ బంతి లోపల 4,500 దాకా ఇనుము పరమాణువులు పడతాయి. రక్తంలోకి చేరిన కాస్త ఫెరిటిన్‌ను కొలిచి, లోపల నిల్వ ఎంత ఉందో ల్యాబ్ వాళ్లు అంచనా కడతారు.

అంతవరకు బాగానే ఉంది. మరి ఒక కణంలో ఇలాంటి గోదాములు ఎన్ని కట్టాలో నిర్ణయించేది ఎవరు? ఇనుము వచ్చిందని ఎవరో గమనించాలి, ఆ కబురు ఎవరో మోయాలి, ఫెరిటిన్ తయారీని ఎవరో మొదలుపెట్టాలి. కనీసం ముగ్గురు పనివాళ్లు కావాలనిపిస్తుంది. నిజానికి ఈ మూడు పనుల్లో పెద్ద వాటా ఒక్కటే ప్రొటీన్ చేస్తుంది. పైగా అది అందుకోసమే పుట్టిన ప్రొటీన్ కూడా కాదు. ఇనుము దండిగా ఉన్న రోజుల్లో నిమ్మకాయ పులుపుకి కారణమైన సిట్రిక్ ఆమ్లం మీద పనిచేస్తూ ఉండే మామూలు ఎంజైమ్ అది. ఇనుము తగ్గిందంటే ఆ పని వదిలేసి, వెళ్లి ఆర్ఎన్ఏను పట్టుకుంటుంది.

రెండు చాప్టర్ల మధ్య గోడ

ఇందులో వింత ఏముందో తెలియాలంటే పాఠ్యపుస్తకం ఒకసారి తిరగేయాలి. ఇంటర్‌లో బైపీసీ చేసినవాళ్లకు ఇది కొట్టిన పిండి. ఎంపీసీ బ్యాచ్ (నేనూ అదే) పదో తరగతి జీవశాస్త్రం గుర్తు తెచ్చుకుంటే చాలు.

ఒక చాప్టర్‌లో డీఎన్ఏ ఉంటుంది. అందులోని జన్యువుకి మెసెంజర్ ఆర్ఎన్ఏ అనే కాపీ తయారవుతుంది. రైబోజోమ్ అనే యంత్రం ఆ కాపీని చదువుకుంటూ పోయి ప్రొటీన్ కడుతుంది. ఇది సమాచారం కథ. చాలా పేజీల తర్వాత ఇంకో చాప్టర్. తిన్న అన్నం గ్లూకోజ్‌గా మారడం, గ్లూకోజ్ మెట్లు మెట్లుగా విరిగి శక్తి ఇవ్వడం, ఒక్కో మెట్టు దగ్గర ఒక్కో ఎంజైమ్. ఇది వంటింటి కథ. రెండింటికీ ప్రశ్నలు వేరు, మార్కులు వేరు, పరిశోధన చేసే డిపార్ట్‌మెంట్లు కూడా వేరే.

1941లో జార్జ్ బీడిల్, ఎడ్వర్డ్ టేటమ్ బ్రెడ్డు మీద పెరిగే బూజుతో ప్రయోగాలు చేసి, ఒక్కో జన్యువు ఒక్కో ఎంజైమ్‌కి బాధ్యత వహిస్తుందని చూపించారు. దానికి 1958లో నోబెల్ కూడా వచ్చింది. ‘ఒక జన్యువు, ఒక ఎంజైమ్’ అన్నది అలా స్థిరపడింది. దాని పక్కన ‘ఒక ఎంజైమ్, ఒక పని’ అని మనసులోనే ఇంకో ముక్క కలిపేసుకున్నాం. వాళ్లిద్దరూ ఆ మాట అనలేదు. మనమే అనుకున్నాం.

ఇనుముతో పేచీ

ఇనుము లేకపోతే హిమోగ్లోబిన్ లేదు, మైటోకాండ్రియాలో శక్తి తయారీ లేదు, డీఎన్ఏ కాపీ చేసుకోవడానికి కావాల్సిన ముడిసరుకు కూడా సరిగ్గా తయారు కాదు. అలాగని ఎక్కువైతే అదో తలనొప్పి. ఏ ప్రొటీన్‌కీ అంటుకోకుండా వదులుగా తిరిగే ఇనుము హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో కలిసి హైడ్రాక్సిల్ రాడికల్ అనే దుడుకు పదార్థాన్ని పుట్టిస్తుంది. అది కొవ్వు పొరల్నీ, ప్రొటీన్లనీ, డీఎన్ఏనీ చేతికందినట్టు పాడుచేస్తుంది.

అందుకే కణం దగ్గర రెండు ఏర్పాట్లు ఉంటాయి. ఒకటి ఇనుమును లోపలికి రానిచ్చే తలుపు. దాని పేరు ట్రాన్స్‌ఫెరిన్ రిసెప్టర్. రెండోది గోదాం, అంటే ఫెరిటిన్. కొరత వచ్చినప్పుడు తలుపులు ఎక్కువ కావాలి, గోదాములు తక్కువ కావాలి. మిగులు ఉన్నప్పుడు సరిగ్గా తలకిందులు.

1960ల్లో హామిష్ మన్రో బృందం ఎలుకల మీద ప్రయోగాలు చేసింది. ఇనుము ఇస్తే కాలేయంలో ఫెరిటిన్ తయారీ పెరిగింది. అందులో ఆశ్చర్యం లేదు. కొత్త ఆర్ఎన్ఏ తయారవకుండా మందుతో అడ్డుకున్నా పెరిగింది. ఆశ్చర్యమంతా అక్కడే. అంటే ఫెరిటిన్ తాలూకు ఆర్ఎన్ఏ కాపీలు ముందే అచ్చయి సిద్ధంగా ఉన్నాయి. ఎవరో వాటిని చదవనివ్వకుండా పట్టుకుని ఉన్నారు. ఇనుము రాగానే వదిలేశారు.

పట్టుకున్నది ఎక్కడో 1987లో తేలింది. అమెరికాలోని ఎన్ఐహెచ్‌లో రిచర్డ్ క్లాస్నర్ ల్యాబ్‌లో పనిచేస్తున్న మథియాస్ హెంట్జె, ఆయన సహచరులు ఫెరిటిన్ ఆర్ఎన్ఏ మొదట్లోనే సుమారు 30 అక్షరాల ముక్క ఒకటి ఉందని చూపించారు. అది తన మీదకు తనే మడిచుకుని జడపిన్నులా నిలబడుతుంది. ఆ పిన్ను తలమీద ఆరు అక్షరాల చిన్న ఉచ్చు. ఈ ముక్కను తీసి సంబంధం లేని వేరే ఆర్ఎన్ఏ ముందు అతికిస్తే, ఆ ఆర్ఎన్ఏ కూడా ఇనుము చెప్పినట్టే వినడం మొదలుపెడుతుంది. ఏడాది తిరక్కుండానే ఆ జడపిన్నుకి గట్టిగా అంటుకునే ప్రొటీన్ కూడా దొరికింది. ఇనుమును నియంత్రించే ప్రొటీన్ కాబట్టి తర్వాత దానికి ఐఆర్‌పీ అని పేరు స్థిరపడింది. కొన్నాళ్లకి అలాంటిది ఇంకొకటి కూడా ఉందని తెలిసి, మొదటిదాన్ని ఐఆర్‌పీ1 అన్నారు.

కంప్యూటర్ తెచ్చిన కబురు

ఈ కథలో నాకు బాగా నచ్చే భాగం ఇదే. ఎందుకంటే మలుపు తిరిగింది మైక్రోస్కోప్ కింద కాదు, డేటాబేస్‌లో.

ఐఆర్‌పీ1 అమైనో ఆమ్లాల వరుస తెలిశాక, 1991లో రెండు బృందాలు దాన్ని అప్పటికే తెలిసిన ప్రొటీన్లతో పోల్చి చూశాయి. ఇప్పుడైతే బ్రౌజర్‌లో రెండు నిమిషాల పని. ఆర్ఎన్ఏను పట్టుకునే ప్రొటీన్ కాబట్టి అలాంటి ఇంకో ప్రొటీన్‌తో పోలిక దొరుకుతుందని ఎవరైనా అనుకుంటారు. పోలిక దొరికింది అకోనిటేజ్‌తో.

అకోనిటేజ్ ఎవరో ఆర్ఎన్ఏ పరిశోధకులకి పెద్దగా పట్టదు. బయోకెమిస్ట్రీ వాళ్లకి మాత్రం క్రెబ్స్ సైకిల్‌లో రెండో మెట్టు ఎంజైమ్‌గా బాగా పరిచయం. సిట్రేట్‌ను ఐసోసిట్రేట్‌గా మార్చడం దాని పని. మైటోకాండ్రియాలో ఉండే ఆ ఎంజైమ్‌కీ ఐఆర్‌పీ1కీ మధ్య అమైనో ఆమ్లాల్లో దాదాపు 30 శాతం ఒకటే. మిగతా చోట తేడాలున్నా, సిట్రేట్‌ను పట్టుకుని పని జరిపించే కీలకమైన జాగాలో మాత్రం పొల్లుపోకుండా సరిపోయాయి. వాడని పనిముట్టును పరిణామం ఇంత పదిలంగా దాచిపెట్టదు. పరీక్షించి చూస్తే ఐఆర్‌పీ1 నిజంగానే సిట్రేట్‌ను మారుస్తోంది. మైటోకాండ్రియా బయట, కణద్రవ్యంలో కూడా ఒక అకోనిటేజ్ ఉందని శాస్త్రవేత్తలకి ఎప్పటినుంచో తెలుసు. అదీ ఇదీ ఒకటే అని తెలియలేదు, అంతే. వంటింట్లో ఒక పేరుతో, ఆఫీసులో ఇంకో పేరుతో తిరుగుతున్న మనిషి ఒక్కడే అని బయటపడినట్టు.

గరిటె చేతిలో ఉన్నంతసేపే వంట

ఇక ఈ రెండు పనులూ ఎలా మారతాయన్నది అసలు విషయం. హాస్టల్ మెస్‌లో వంటమాస్టర్‌ని ఊహించుకోండి. చేతిలో గరిటె ఉన్నంతసేపు ఆయన పొయ్యి దగ్గర ఉంటాడు. గరిటె పోయిందనుకోండి, చేతులు ఖాళీ. ఖాళీ చేతులతో వెళ్లి స్టోర్ రూమ్ తలుపు పట్టుకుని నిలబడతాడు. ఇక్కడ గరిటె అంటే నాలుగు ఇనుము, నాలుగు గంధకం పరమాణువులు కలిసిన ఘనాకారపు చిన్న గుత్తి. అకోనిటేజ్ పనిచేయాలంటే ఈ గుత్తి దాని నడిమధ్యలో కూర్చోవాలి. సిట్రేట్ వచ్చి ఆనుకునేది దీని మీదే.

కణంలో ఇనుము సరిపడా ఉంటే గుత్తి తయారై లోపల కూర్చుంటుంది. ప్రొటీన్ గట్టిగా మూసుకుంటుంది, ఎంజైమ్ పని జరిగిపోతుంది. ఇనుము తక్కువైతే గుత్తి నిలవదు. గుత్తి పోగానే ప్రొటీన్ తెరుచుకుని ఇంగ్లిష్ ‘ఎల్’ ఆకారంలోకి వస్తుంది. ఆ తెరుచుకున్న చీలికలోకి జడపిన్ను ఆర్ఎన్ఏ వచ్చి ఇరుక్కుంటుంది. 2006లో స్ఫటిక నిర్మాణం ఫొటో తీసినంత స్పష్టంగా బయటికొచ్చాక ఈ సంగతి కళ్లకు కట్టింది. ఇనుము గుత్తికీ సిట్రేట్‌కీ చోటిచ్చిన చీలికే ఇప్పుడు ఆర్ఎన్ఏకి చోటిస్తోంది. కాబట్టి ఒకేసారి రెండు పనులూ కుదరవు. ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవని మనవాళ్లు ఊరికే అన్లేదు.

దీనివల్ల ఒక సౌలభ్యం ఉంది. ఇనుము ఎంత ఉందో కొలవడానికి వేరే సెన్సర్ అక్కర్లేదు, ఆ రీడింగ్‌ను ఇంకొకరికి పంపే వైరింగ్ అక్కర్లేదు. ఇనుముతో పనిచేసేవాడికి ఇనుము అందకపోవడమే సిగ్నల్. మేం సర్వర్ల మీద లోడ్ చూసుకోవడానికి మానిటరింగ్ టూల్, దానికో అలర్ట్ టూల్, ఆ అలర్ట్ చూడ్డానికి రాత్రిపూట మేలుకునే మనిషి, ఇంత పెట్టుకుంటాం.

ఇంకో తమాషా. ఒకే పట్టు రెండు చోట్ల రెండు రకాలుగా పనిచేస్తుంది. ఫెరిటిన్ ఆర్ఎన్ఏలో జడపిన్ను మొదట్లో ఉంటుంది. అక్కడ ఐఆర్‌పీ1 కూర్చుంటే రైబోజోమ్ చదవడం మొదలుపెట్టలేదు, దారికి అడ్డంగా బండి పెట్టినట్టు. గోదాం తయారీ ఆగిపోతుంది. తలుపు ప్రొటీన్, అంటే ట్రాన్స్‌ఫెరిన్ రిసెప్టర్ తాలూకు ఆర్ఎన్ఏలో మాత్రం ఇలాంటి పిన్నులు ఐదు ఉంటాయి, అన్నీ చివర్లో. అక్కడ కూర్చుంటే చదవడానికి అడ్డం రాదు, పైగా ఆ ఆర్ఎన్ఏను ముక్కలు చేసే ఎంజైమ్‌ల నుంచి కాపాడుతుంది. కాపీ ఎక్కువసేపు బతుకుతుంది, తలుపులు ఎక్కువ తయారవుతాయి. ఇనుము రాగానే ఐఆర్‌పీ1 రెండింటినీ వదిలేస్తుంది. గోదాములు లేస్తాయి, తలుపుల ఆర్ఎన్ఏ చిరిగిపోతుంది. ఒక్క స్విచ్‌తో రెండు లైట్లు, ఒకటి వెలిగితే ఒకటి ఆరేలా.

ఐఆర్‌పీ2 అని ఇంకొకటి ఉందన్నాను కదా, అది ఈ సర్దుబాటు చేసుకోలేదు. దానికి ఎంజైమ్ పని రాదు. ఇనుము ఎక్కువైతే కణం దాన్ని విరగ్గొట్టి పారేస్తుంది. రెండు దారులూ ఉన్నాయన్నమాట. ఒకటి ఉద్యోగం మార్చుకుంటుంది, ఇంకొకటి ఉద్యోగం పోగొట్టుకుంటుంది. మట్టిలో బతికే బాసిల్లస్ సబ్టిలిస్ అనే బ్యాక్టీరియాలోని అకోనిటేజ్ కూడా ఆర్ఎన్ఏను పట్టుకుంటుందని 1999లో చూపించారు కాబట్టి, ఇది మనుషులకో జంతువులకో మాత్రమే అబ్బిన విద్య కాదు.

ఒక్క అక్షరం మారితే

ఇదంతా ల్యాబ్ ముచ్చటే కదా అనుకునేవాళ్లు 1995 నాటి సంగతి వినాలి. ఫ్రాన్స్, ఇటలీల్లో కొన్ని కుటుంబాలు డాక్టర్లని తికమకపెట్టాయి. రక్తంలో ఫెరిటిన్ చూస్తే ఉండాల్సినదానికి ఎన్నో రెట్లు. అది చూస్తే ఒంట్లో ఇనుము పేరుకుపోయిందనే ఎవరైనా అంటారు. దానికి వాడుకలో ఉన్న చికిత్స, విడతలవారీగా రక్తం తీసేయడం. అలా తీస్తే వీళ్లకి ఫెరిటిన్ దిగలేదు సరికదా, రక్తహీనత వచ్చేసింది. ఎందుకంటే ఇనుము అసలు ఎక్కువే లేదు. ఇదే కుటుంబాల్లో ఇంకో విచిత్రం కూడా ఉంది. చిన్నవయసులోనే కళ్లలో శుక్లాలు.

తీరా జన్యువు చూస్తే, ఫెరిటిన్‌లోని ఒక రకం ముక్కకి సంబంధించిన ఆర్ఎన్ఏలో, ఆ 30 అక్షరాల జడపిన్నులోనే మార్పు. అక్షరం మారితే పిన్ను ఆకారం చెడుతుంది, ఐఆర్‌పీకి పట్టు దొరకదు. కాపలా లేని ఆర్ఎన్ఏను రైబోజోమ్ ఆపకుండా చదువుతూ పోతుంది. ఇనుము ఉన్నా లేకున్నా ఫెరిటిన్ తయారవుతూనే ఉంటుంది, చివరికి కంటి కటకంలో కూడా పేరుకుంటుంది. ప్రొటీన్‌లో లోపం లేదు, ఎంజైమ్‌లో లోపం లేదు. రెండూ చేయి కలిపే చోట లోపం. ఆ చోటు గురించి తెలిసి ఉంటే ఆ కుటుంబాల్లో కొందరికి అనవసరంగా రక్తం తీసే పని తప్పేది.

మన దగ్గర ఎక్కువగా కనిపించేది దీనికి పూర్తిగా వ్యతిరేకమైన సమస్య. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో రక్తహీనత దేశం మొత్తం మీద 57 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 58.8, తెలంగాణలో 57.6. ఇందులో అంతా ఇనుము లోపమే కాదు గానీ, పెద్ద కారణాల్లో అదొకటి. నిల్వలు ఖాళీ అయిన ఒంట్లో లెక్కలేనన్ని కణాల్లో ఐఆర్‌పీలు పొయ్యి వదిలేసి స్టోర్ రూమ్ దగ్గర కాపలా కాస్తుంటాయి. ఫెరిటిన్ అంకె కిందికి దిగడం వెనక ఈ కాపలా కూడా ఉంది. పెద్దవాళ్లలో లీటరుకి 15 మైక్రోగ్రాముల కంటే తగ్గితే ఇనుము లోపం కింద లెక్క అని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. ఒంట్లో ఇన్ఫెక్షనో వాపో ఉంటే ఆ అంకె పైకి ఎగబాకి లోపాన్ని దాచేస్తుంది కాబట్టి, రిపోర్ట్ చూసి సొంతంగా ఐరన్ మాత్రలు మొదలుపెట్టడం, ఆపేయడం రెండూ వద్దు.

ఐఆర్‌పీ1 చేయి ఎంత దూరం వెళ్తుందో 2013లో ఎలుకలు చెప్పాయి. ఆ ప్రొటీన్ లేకుండా పుట్టించిన ఎలుకల్లో ఎర్ర రక్తకణాలు మరీ ఎక్కువైపోయాయి, ఊపిరితిత్తుల రక్తనాళాల్లో బీపీ పెరిగింది. ఎర్ర కణాలు తయారుచేయమని ఒంటికి చెప్పే హార్మోన్‌ను నడిపించే హిఫ్-2 ఆల్ఫా అనే ప్రొటీన్ ఆర్ఎన్ఏ మొదట్లోనూ ఇదే జడపిన్ను ఉంది. ఇనుము లేనప్పుడు కొత్త కణాలకి ఆర్డర్ ఇవ్వకుండా ఐఆర్‌పీ1 బ్రేక్ వేస్తుంది. బ్రేక్ తీసేస్తే సరుకు లేకున్నా ఆర్డర్లు వస్తూనే ఉంటాయి.

ఒక్కటే అనుకుంటే వందలు

చాలాకాలం దీన్ని ఒక ముచ్చటైన మినహాయింపు అనుకున్నారు. అయితే 1990ల్లోనే అక్కడొకటి ఇక్కడొకటి ఇలాంటివి బయటపడుతూ వచ్చాయి. అవన్నీ చూసి 2010లో హెంట్జె, థామస్ ప్రైస్ కలిసి ఒక ఊహ ముందుకు తెచ్చారు. ఆర్ఎన్ఏ, ఎంజైమ్, అది పనిచేసే పదార్థం, ఈ మూడింటి మధ్యా పెద్ద నెట్‌వర్కే ఉండొచ్చని.

రెండేళ్లకి, 2012లో, జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో హెంట్జె బృందం మొత్తం జల్లెడ పట్టింది. పద్ధతి తేలిగ్గానే అర్థమవుతుంది. బతికున్న కణాల మీద అతినీలలోహిత కాంతి వేస్తారు. ఆ క్షణానికి ఆర్ఎన్ఏను తాకుతున్న ప్రొటీన్లు దానికి అతుక్కుపోతాయి. తర్వాత మెసెంజర్ ఆర్ఎన్ఏలను గాలం వేసి లాగి, వాటితోపాటు వచ్చిన ప్రొటీన్లు ఎవరెవరో చూస్తారు. హీలా కణాల్లో 860 ప్రొటీన్లు దొరికాయి. బెర్లిన్‌లో ఇంకో బృందం వేరే కణాల్లో దాదాపు అన్నే పట్టింది. వీటిలో వందల కొద్దీ ప్రొటీన్లకి ఆర్ఎన్ఏతో సంబంధం ఉందని అంతకుముందు ఎవరికీ తెలియదు. వాటిలో మళ్లీ మన వంటింటి ఎంజైమ్‌లు బోలెడు.

ఇక్కడ కాస్త ఆగాలి. లిస్టులో పేరుంటే పని చేస్తున్నట్టేనా? బస్సులో పక్కన నిలబడ్డవాళ్లంతా చుట్టాలైపోరు కదా. గ్లూకోజ్‌ను విరిచే ఎంజైమ్‌లు కణంలో కుప్పలుతెప్పలుగా ఉంటాయి, ఆర్ఎన్ఏ కూడా అంతటా ఉంటుంది. ఊరికే తగులుకున్నవి కూడా లిస్టులోకి రావొచ్చు. చాలా ఎంజైమ్‌లు ఎన్ఏడీ, ఏటీపీ లాంటి పదార్థాలతో పనిచేస్తాయి. వాటి నిర్మాణంలో ఆర్ఎన్ఏ ముక్కల పోలిక ఉంది. ఆ గుంటలోకి అసలు ఆర్ఎన్ఏనే జొరబడటం వింతేమీ కాదు. అందువల్ల నా మటుకు ఈ లిస్టు అనుమానితుల జాబితా. కేసు ఒక్కోటి విడిగా రుజువు కావాలి.

రుజువైన వాటిలో గట్టి కేసు ఒకటి 2013లో వచ్చింది. గ్లూకోజ్ విరిగే దారిలో ఆరో మెట్టు దగ్గర ఉండే జీఏపీడీహెచ్ అనే ఎంజైమ్ అందులో నిందితుడు. ల్యాబ్‌లో పనిచేసేవాళ్లకి దీని పేరు వింటే ఆవలింత వస్తుంది. ఎప్పుడూ మారకుండా ఉంటుందని మిగతా వాటిని పోల్చడానికి వాడే కొలబద్ద అది. మన రోగనిరోధక టీ కణాలు ఇంటర్‌ఫెరాన్ గామా అనే ఆయుధాన్ని తయారుచేస్తాయి. వాషింగ్టన్ యూనివర్సిటీలో ఎరికా పియర్స్ బృందం చూసిందేమిటంటే, గ్లూకోజ్ విరిచే పని లేనప్పుడు జీఏపీడీహెచ్ వెళ్లి ఆ ఆయుధం తాలూకు ఆర్ఎన్ఏ తోకను పట్టుకుని ఆపేస్తుంది. టీ కణం యుద్ధానికి దిగి గ్లూకోజ్‌ను గబగబా వాడడం మొదలుపెడితే ఈ ఎంజైమ్‌కి చేతినిండా పని. ఆర్ఎన్ఏను వదిలేస్తుంది, ఆయుధం తయారవుతుంది. తిండి ఉంటేనే యుద్ధం అన్న లెక్క అక్కడికక్కడే తేలిపోతోంది. క్యాన్సర్ గడ్డల్లో కణాలు చుట్టుపక్కల గ్లూకోజ్‌ను తామే లాగేసుకుంటే టీ కణాలు నీరసపడతాయని ఇదే బృందం 2015లో చూపించింది.

బాణం అవతలివైపు నుంచి కూడా రావొచ్చు. 2022లో హెంట్జె బృందం ఎనోలేజ్ అనే ఇంకో ఎంజైమ్ మీద చేసిన పనిలో, ఆర్ఎన్ఏ వచ్చి ఎంజైమ్‌కి అంటుకుని దాని పనినే తగ్గిస్తోందని తేలింది. ఎలుక పిండ మూలకణాలు వేరే కణాలుగా మారేటప్పుడు ఈ బ్రేక్ వాడుకలోకి వస్తోంది. ఎంజైమ్ ఆర్ఎన్ఏను అదుపు చేయడం చూశాం, ఇక్కడ ఆర్ఎన్ఏ ఎంజైమ్‌ను అదుపు చేస్తోంది.

భీమవరం నుంచి పెర్ల్ రివర్ దాకా

ఈ విషయం మందుల దగ్గరికి వచ్చేసరికి ఒక తెలుగు పేరు ఎదురవుతుంది. యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో పుట్టి, హార్వర్డ్ వెళ్లి, సైరస్ ఫిస్క్‌తో కలిసి కణాల్లో శక్తి నాణెం లాంటి ఏటీపీని వెలికితీసినవాళ్లలో ఒకరు. తర్వాత న్యూయార్క్ రాష్ట్రంలో పెర్ల్ రివర్‌లోని లెడర్లీ ల్యాబ్స్‌లో ఆయన నడిపించిన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. దాంతోపాటు ఫోలిక్ ఆమ్లంలా కనిపిస్తూ దాని పనికి అడ్డుపడే నకిలీలను కూడా. వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ లుకేమియా ఉన్న 16 మంది పిల్లలకి ఇచ్చి, 10 మందిలో మెరుగు కనిపించిందని 1948లో ప్రకటించాడు. అది తాత్కాలికమే అయినా, అప్పటిదాకా ఆమాత్రం కూడా లేదు. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశారు. ఆ నకిలీల కుటుంబంలోదే మెథోట్రెక్సేట్. క్యాన్సర్‌కి, తక్కువ మోతాదులో కీళ్లవాతానికి ఇప్పటికీ వాడుతున్నారు.

మెథోట్రెక్సేట్ అడ్డుకునే ఎంజైమ్ పేరు డీహెచ్ఎఫ్ఆర్. డీఎన్ఏకి కావాల్సిన ముడిసరుకు తయారవ్వాలంటే అది పనిచేయాలి. అది ఆగితే కణం విభజన ఆగుతుంది. లెక్క ప్రకారం అంతే. అయితే మందు పడ్డాక కొన్ని కణాల్లో డీహెచ్ఎఫ్ఆర్ ఇంకా పెరిగిపోయేది. జన్యువు కాపీలు పెరగడం ఒక కారణమని ముందే తెలుసు. 1993లో అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థలో ఎడ్వర్డ్ చూ బృందం ఇంకో దారి చూపించింది. ఖాళీగా ఉన్న డీహెచ్ఎఫ్ఆర్ తన సొంత ఆర్ఎన్ఏనే పట్టుకుంటుంది. అంటే తను చాలినంత ఉన్నప్పుడు ఇక చాలు అని తన తయారీని తనే ఆపుకుంటుంది. మందు వచ్చి ఎంజైమ్‌కి అంటుకోగానే ఆ పట్టు సడలుతుంది. ఆర్ఎన్ఏ విడుదలై, రైబోజోమ్ కొత్త డీహెచ్ఎఫ్ఆర్ కట్టడం మొదలుపెడుతుంది. మందు ఎంజైమ్‌ను ఆపుతున్న క్షణంలోనే ఇంకా తయారుచేసుకోమని తలుపు తీస్తోందన్నమాట.

అంతకు రెండేళ్ల ముందే, 1991లో, ఇదే బృందం థైమిడిలేట్ సింథేజ్ అనే పక్కింటి ఎంజైమ్‌లో కూడా ఇలాంటిదే చూసింది. పేగు క్యాన్సర్‌కి ఇచ్చే ఫైవ్-ఎఫ్‌యూ మందు అడ్డుకునేది దాన్నే. ఆ మందు పడ్డాక కూడా ఎంజైమ్ మోతాదు పెరుగుతుంది. అయితే దీని మీద తర్వాత వాదన నడిచింది. ఆర్ఎన్ఏ విడుదల కావడం వల్ల కాదు, మందు అంటుకున్న ఎంజైమ్ తొందరగా విరగదు, అందుకే పోగుపడుతోందని ఇంకొందరు తమ ప్రయోగాలతో చూపించారు. రెండూ ఒకే కణంలో జరగకూడదన్న రూలేమీ లేదు. కానీ దేని వాటా ఎంతో తేలితేనే మందుతో పాటు దేన్ని జత చేయాలో తెలుస్తుంది. ఎంజైమ్‌ను త్వరగా విరిచేసేదా, దాని ఆర్ఎన్ఏను మూసి ఉంచేదా అన్నది అక్కడే తేలాలి.